మందు రాసే చెయ్యే టీకా కూడా రాయాలి
(ఎల్లాప్రగడ సుబ్బారావు స్మారక ఉపన్యాసం)



ఎల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు మీద నాలుగు మాటలు చెప్పమని పిలవడం ఏ తెలుగు వైద్యుడికైనా గౌరవమే. ఆయన 1895లో భీమవరంలో పుట్టారు. స్ప్రూ అనే పేగుల జబ్బు కొద్ది రోజుల తేడాలో ఇద్దరు అన్నదమ్ములను తీసుకుపోతే కళ్లారా చూశారు. 1922లో దాదాపు ఖాళీ జేబుతో బోస్టన్ చేరారు. పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రాత్రి పని చేస్తూ చదువుకున్నారు. హార్వర్డ్‌లో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి, శరీర ద్రవాల్లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఆ పద్ధతి వాళ్లిద్దరి పేర్లతోనే నేటికీ ప్రయోగశాలల్లో ఉంది. 1940లో లెడర్లీ మందుల సంస్థలో చేరారు. 1948 ఆగస్టులో నిద్రలోనే కన్నుమూసేనాటికి ఆయన వయసు 53 ఏళ్లు.

ఆయన పనుల జాబితా చదవడానికే ఈ సాయంత్రం చాలదు. బోదకాలుకు ఈనాటికీ మన ఊళ్లలో పంచే డి.ఇ.సి. మాత్ర ఆయన బృందం ఇచ్చిందే. నేను ఒక్క పనినే పట్టుకుంటాను. అన్నదమ్ములను బలిగొన్న స్ప్రూకు పనికొచ్చే ఫోలిక్ ఆమ్లాన్ని ఆయన బృందం 1945లో కృత్రిమంగా తయారు చేసింది. ఆ ఆమ్లానికి అడ్డుపడే పదార్థాలను కూడా వాళ్లే తయారు చేశారు. వాటిలో ఒకటైన ఎమినాప్టెరిన్‌తో అమెరికా వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ వచ్చిన పసిపిల్లల్లో కొందరికి తాత్కాలికంగానైనా ఊరట తేగలిగాడు. 1948లో ఆ ఫలితాలు ప్రకటించాడు. ఆ వంశంలోదే మెథోట్రెక్సేట్. ఇవాళ కీళ్లవాతానికి వారానికొకసారి వేసుకునే మాత్ర అదే. ఈ సభలోనే దాన్ని వాడుతున్నవాళ్లు కొందరు ఉండి ఉంటారు.

శరీరం తన మీద తానే చేసే దాడిని, లేదా అదుపు తప్పిన కణాల పెరుగుదలను మందుతో అణచడం అప్పటి నుంచీ వైద్యంలో పెద్ద దారి అయింది. దానివల్ల లక్షలాది మంది బతికారు. అదే దారిలో ఒక బాధ్యత కూడా వచ్చింది. దాన్ని మనం పూర్తిగా తలకెత్తుకోలేదు. ఈ సాయంత్రం నేను చెప్పేది ఒక్కటే. రోగనిరోధక శక్తిని తగ్గించే మందు రాసే చెయ్యే, ఆ తగ్గుదలను ఆసరా చేసుకుని వచ్చే జబ్బుకు టీకా కూడా రాయాలి. వీలైనంత వరకు ముందే రాయాలి. దీనికి ఉదాహరణగా సర్పిని తీసుకుంటున్నాను. వైద్యులు హెర్పిస్ జోస్టర్ అంటారు. విదేశాల్లో ఉన్న మీ పిల్లలు షింగిల్స్ అంటారు.

1. ఒకే వైరస్, రెండు జబ్బులు

మన తరంలో చిన్నప్పుడు ఆటలమ్మ పోయనివాళ్లు తక్కువ. వేపాకుల మీద పడుకోబెట్టారు, తలంటు పోశారు, మచ్చలు మానాయి, అందరూ మరిచిపోయారు. వైరస్ మాత్రం ఒంట్లోంచి పోలేదు. వరిసెల్లా జోస్టర్ అనే ఆ వైరస్ చర్మం నుంచి నాడుల వెంట లోపలికి పోయి, వెన్నుపాముకు ఇరుపక్కలా ఉండే నాడీ ముడుల్లోను, ముఖానికి స్పర్శనిచ్చే నాడి మొదట్లోను చేరుతుంది. అక్కడే యాభై అరవై ఏళ్లయినా కదలకుండా ఉండగలదు. మళ్లీ లేచినప్పుడు వచ్చిన దారినే, అంటే ఏ ముడిలో ఉందో ఆ ముడికి చెందిన నాడి వెంటే, చర్మం మీదికి వస్తుంది. అదే సర్పి.

ఈ రెండింటికీ చుట్టరికం ఉందని మొదట పట్టుకున్నది హంగరీ దేశపు పిల్లల వైద్యుడు బోకాయ్. ఇంట్లో పెద్దవాళ్లకు సర్పి లేచిన కొద్ది రోజులకే పిల్లలకు ఆటలమ్మ రావడం ఆయన 1888 నాటికే గమనించాడు. 1925లో కుండ్రాటిట్జ్ అనే వైద్యుడు సర్పి పొక్కుల్లోని నీటిని పిల్లలకు ఎక్కిస్తే వాళ్లకు వచ్చింది ఆటలమ్మే. ఇవాళ ఏ నైతిక సంఘమూ ఒప్పుకోని ప్రయోగం అది. 1950లలో అమెరికా శాస్త్రవేత్త థామస్ వెల్లర్ ఈ వైరస్‌ను ప్రయోగశాలలో పెంచి, రెండు జబ్బులకూ మూలం ఒకటేనని చూపాడు. ఒకే మనిషికి ముందు ఆటలమ్మ, తర్వాత సర్పి వచ్చినప్పుడు సేకరించిన వైరస్‌ల డీఎన్‌ఏ ఒకటేనని 1984లో తేలింది. దాంతో సందేహానికి తావు లేకుండా పోయింది.

ఇక్కడ ఒక భయం గురించి చెప్పాలి. సర్పి నడుము చుట్టూ తిరిగి తల, తోక కలిస్తే ప్రాణం పోతుందని మనలో చాలామంది నమ్ముతారు. రోగి కంటే ముందు ఇంటిల్లిపాదీ హడలిపోవడం నేను చూశాను. నిజానికి ఒక్కో నాడీ ముడి ఒంటికి ఒక పక్కన ఒక పట్టీ మేరకే స్పర్శనిస్తుంది. 1900లో ఇంగ్లండులో హెడ్, క్యాంప్‌బెల్ అనే ఇద్దరు వైద్యులు చనిపోయిన సర్పి రోగుల నాడీ ముడులను పరీక్షించి, ఏ ముడికి ఏ పట్టీ అన్నది పటం గీశారు. అందుకే పొక్కులు సాధారణంగా నడిమి గీత దగ్గరే ఆగిపోతాయి. తల, తోక కలవడం అరుదు. కలిసినా ప్రాణం తీసేది ఆ కలయిక కాదు. రెండు పక్కలా లేచినా, ఒళ్లంతా పాకినా, రోగనిరోధక శక్తి బాగా పడిపోయిందేమో చూడమని వైద్యుడికి అది సూచన.

2. ఒక చిన్న పట్టణపు డాక్టరు

సర్పి ఎవరికి వస్తుంది, ఎందుకు అప్పుడే వస్తుంది అన్న ప్రశ్నకు గట్టి జవాబు పెద్ద ప్రయోగశాల నుంచి రాలేదు. ఇంగ్లండులోని సైరెన్‌సెస్టర్ అనే చిన్న పట్టణంలో రోజూ రోగులను చూసుకునే ఎడ్గర్ హోప్-సింప్సన్ అనే డాక్టరు నుంచి వచ్చింది. ఆయన దగ్గర నమోదైన జనం మూడున్నర వేల మంది. వాళ్లలో 16 ఏళ్లలో 192 మందికి సర్పి వచ్చింది. వచ్చిన ప్రతివారి వయసూ, పొక్కులు లేచిన చోటూ, అంతకుముందు వాళ్లు ఎవరిని కలిశారన్నదీ ఆయన రాసి పెట్టుకున్నాడు. బయటి రాకపోకలు తక్కువగా ఉండే షెట్లాండ్ దీవుల్లోని యెల్ అనే దీవికి కూడా వెళ్లి అక్కడి ఇళ్లలో విచారించాడు.

అదంతా కలిపి 1965లో అచ్చయిన ఉపన్యాసంలో చెప్పాడు. విద్యార్థులు గమనించాలి, వైద్యశాస్త్రంలో ఈనాటికీ ఉదహరించే ఆ పత్రం కూడా ఇలాంటి ఒక ఆహ్వాన ఉపన్యాసమే. సర్పి రోగి నుంచి ఇంకొకరికి సర్పి అంటదు. అది లోపలి నుంచే లేస్తుంది. ఏడాదికి వెయ్యి మందిలో సగటున ముగ్గురికి పైగా వస్తుంది. పిల్లల్లో వెయ్యికి ఒక్కరు కూడా ఉండరు. ఎనభైల్లో ఉన్నవారిలో అది పది దాకా పోతుంది. 85 ఏళ్లు బతికినవాళ్లలో సగం మంది దాన్ని చూసి ఉంటారని ఆయన లెక్క. తర్వాత వచ్చిన అధ్యయనాలు జీవితకాలంలో ముగ్గురిలో ఒకరికి వస్తుందని చెబుతున్నాయి.

అంకెల కంటే పెద్దది ఆయన చేసిన ఊహ. వైరస్ తనంతట తాను అప్పుడప్పుడూ తల ఎత్తుతూనే ఉంటుంది, రోగనిరోధక శక్తి దాన్ని అణచివేస్తూ ఉంటుంది, ఆ శక్తి ఒక గీత కిందికి దిగిన రోజున అది బయటపడుతుంది అన్నాడు. దాని అర్థం, ఆ శక్తిని గీతకు పైన నిలబెట్టగలిగితే సర్పిని ఆపవచ్చు. టీకాకు పునాది ఆ ఒక్క ఆలోచన.

3. పొక్కులు మానాక మిగిలేది

కొందరు అడుగుతారు: "నాలుగు పొక్కులే కదండీ, రెండు మూడు వారాల్లో మానిపోతాయి. దానికింత ఉపన్యాసమా?" పొక్కులు మానేది నిజమే. జబ్బు అక్కడితో అయిపోదన్నదీ నిజమే.

పొక్కులకు రెండు మూడు రోజుల ముందే మంట, పోటు మొదలవుతాయి. అది ఛాతీ మీదయితే గుండెపోటేమోనని, కడుపు పక్కనయితే పిత్తాశయంలోనో మూత్రపిండంలోనో రాయి అని పరుగులు పెట్టిస్తుంది. పొక్కులు లేచాక గానీ అసలు సంగతి తెలియదు. ముఖం మీద, కంటికి వెళ్లే నాడి దారిలో వస్తే చూపుకే ముప్పు. ముక్కు కొన మీద పొక్కు కనపడితే ఆ రోజే కంటి డాక్టరుకు చూపించాలి. చెవి దగ్గర వస్తే మూతి వంకరపోవచ్చు, వినికిడి పోవచ్చు. పక్షవాతం వచ్చే అవకాశం కూడా సర్పి తర్వాత కొన్ని నెలలపాటు పెరుగుతుంది.

అన్నిటికంటే ఎక్కువ మందిని కుంగదీసేది నొప్పి. వాచిన నాడి దెబ్బతిని, మచ్చలు మాని మూడు నెలలు దాటినా మండుతూనే ఉంటుంది. సర్పి వచ్చినవారిలో పదిమందికి ఒకరి నుంచి ఇద్దరి దాకా ఈ గతి పడుతుంది. వయసు పెరిగే కొద్దీ ఆ వంతు పెరుగుతుంది. బనీను అంచు తగిలితే ఓర్చుకోలేని తాతగారిని, ఫ్యాను గాలి ఒంటికి సోకితే ఉలిక్కిపడే అమ్మమ్మను ఈ సభలోని ప్రతి డాక్టరూ చూసే ఉంటారు. నిద్ర ఉండదు, తిండి మీద ధ్యాస పోతుంది, మనుషుల్లోకి రావడం మానేస్తారు. గాబాపెంటిన్, ప్రిగాబలిన్, అమిట్రిప్టిలిన్ లాంటి మందులు ఇస్తాం. కొంత తగ్గుతుంది. వాటి మత్తుకు తూలి, రాత్రి బాత్రూముకు వెళ్తూ పడి తుంటి విరగ్గొట్టుకున్నవాళ్లూ ఉన్నారు.

సర్పి లేచాక ఇచ్చే మందుకు గడువు ఉంది. ఎసైక్లోవిర్ 800 మిల్లీగ్రాములు రోజుకు ఐదుసార్లు, ఏడు రోజులు. లేదా వాలసైక్లోవిర్ రోజుకు మూడుసార్లు. పొక్కు కనపడిన 72 గంటల్లోపు మొదలైతేనే పూర్తి ప్రయోజనం. మూత్రపిండాలు సరిగా పనిచేయనివారికి మోతాదు తగ్గించాలి. మన దగ్గర ఆ మూడు రోజులు ఎలా పోతాయో మీకు తెలుసు. ఒక రోజు వేడి చేసిందనుకుంటారు, ఒక రోజు పసరు పూస్తారు, ఒక రోజు మంత్రం వేయిస్తారు. మంత్రం వేసే పెద్దాయన మీద నాకు కోపం లేదు. భయపడిన ఇంటికి ఆయన ధైర్యం చెబుతున్నాడు. ఆయన దగ్గరికి వెళ్లండి, కానీ ఆ రోజే డాక్టరు దగ్గరికి కూడా రండి. పొక్కుల నీరు ఆటలమ్మ రానివారికి ఆటలమ్మను అంటిస్తుంది. అందుకే పొక్కులు ఆరే దాకా వాటి మీద బట్ట కప్పి ఉంచండి, గర్భిణులను, చంటిపిల్లలను, చికిత్సలో ఉన్న క్యాన్సర్ రోగులను దూరంగా ఉంచండి.

4. వైద్యం తగ్గించిన శక్తి

ఇప్పుడు నా వాదనకు గుండెకాయ లాంటి భాగం. హోప్-సింప్సన్ చెప్పిన ఆ గీత కిందికి మనిషి రెండు దారుల్లో దిగుతాడు. ఒకటి వయసు. ఈ వైరస్‌ను అణచి ఉంచే టి-కణాల బలం యాభై దాటాక నెమ్మదిగా తగ్గుతుంది. రెండోది జబ్బు, దానికి చేసే వైద్యం.

జబ్బు వల్ల తగ్గడానికి పెద్ద ఉదాహరణ హెచ్‌ఐవీ. 1986లో చెన్నైలో దేశంలో మొదటిసారి దాన్ని కనుగొన్నారు. తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఎక్కువ భారం మోసిన రాష్ట్రాల్లో ఒకటయింది. ఆ ఏళ్లలో ముప్పై ఏళ్ల యువకుడు సర్పితో వస్తే హెచ్‌ఐవీ పరీక్ష రాయాలని మా తరం డాక్టర్లు నేర్చుకున్నారు. ఒంట్లో రక్షణ జారిపోతోందని అన్నిటికంటే ముందు చెప్పింది చాలాసార్లు ఈ పొక్కులే.

వైద్యం వల్ల తగ్గేవారి సంఖ్య ఇవాళ ఇంకా వేగంగా పెరుగుతోంది. మూత్రపిండం మార్పించుకున్నవారు, ఎముక మజ్జ మార్పిడి చేయించుకున్నవారు, లింఫోమా, మైలోమా లాంటి క్యాన్సర్లకు మందులు వాడేవారు, లూపస్‌కో కీళ్లవాతానికో నెలల తరబడి స్టెరాయిడ్ వాడేవారు. సుబ్బారావు గారి మెథోట్రెక్సేట్ విషయంలో న్యాయంగా చెప్పాలి. వారానికొకసారి చిన్న మోతాదులో అదొక్కటే వాడితే సర్పి ముప్పు పెద్దగా పెరగదు. దానికి స్టెరాయిడ్ తోడైతే పెరుగుతుంది. టోఫాసిటినిబ్ లాంటి కొత్త మాత్రలతో స్పష్టంగా పెరుగుతుంది. మైలోమాకు ఇచ్చే బోర్టెజొమిబ్‌తో ఎంత పెరుగుతుందంటే, దాంతోపాటే ఎసైక్లోవిర్ మాత్ర రోజూ వేసుకోమంటారు. ఇలాంటివారిలో పొక్కులు ఒక పట్టీతో ఆగకపోవచ్చు. ఊపిరితిత్తులకో, కాలేయానికో, మెదడుకో పాకవచ్చు. అప్పుడు ఆసుపత్రిలో చేర్చి నరంలోకి మందు ఎక్కించాలి.

ఇక్కడ అమెరికా శాస్త్రవేత్త గెర్‌ట్రూడ్ ఎలియన్‌ను తలుచుకోవాలి. సహచరుడు హిచింగ్స్‌తో కలిసి ఆమె చేసిన పనిలోంచే అజాథయోప్రిన్ వచ్చింది. మార్చిన మూత్రపిండాన్ని శరీరం తోసిపుచ్చకుండా, రోగనిరోధక శక్తిని తగ్గించే మందు అది. 1960లలో అవయవ మార్పిడి సాధ్యమైంది చాలావరకు దానివల్లనే. ఆ ప్రయోగశాల నుంచే తర్వాత ఎసైక్లోవిర్ కూడా వచ్చింది. శక్తిని తగ్గించే మందూ, ఆ తగ్గుదలలో లేచే వైరస్‌ను పట్టే మందూ ఒకే ఇంట పుట్టాయి. 1988లో ఆమెకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ రెండు పనులూ కలిసి ఉండాలన్న పాఠం ప్రయోగశాలలో ఉంది, మా ప్రిస్క్రిప్షన్లలో ఇంకా పూర్తిగా రాలేదు.

5. రెండు టీకాలు

మొదటి టీకా కథ ఒక తండ్రిది. జపాన్ వైద్యుడు మిచియాకి తకహాషి 1964లో అమెరికాలోని హ్యూస్టన్‌లో పనిచేస్తుండగా ఆయన చిన్న కొడుక్కి ఆటలమ్మ తీవ్రంగా వచ్చింది. రాత్రంతా పిల్లవాడి పక్కన కూర్చున్న ఆ తండ్రి జపాన్ తిరిగి వెళ్లాక ఒసాకాలో ఈ వైరస్ మీద పని మొదలుపెట్టాడు. ఓకా అనే ఇంటిపేరున్న మూడేళ్ల పిల్లవాడి నుంచి తీసిన వైరస్‌ను పదేపదే పెంచి బలహీనపరిచాడు. 1974లో ఆ టీకా ఫలితాలు ప్రకటించాడు. ప్రపంచమంతా పిల్లలకు వేసే ఆటలమ్మ టీకాకు మూలం అదే.

అదే వైరస్‌ను పద్నాలుగు రెట్ల బలంతో పెద్దలకు ఇస్తే జోస్టావాక్స్ అనే సర్పి టీకా అయింది. అరవై దాటిన 38,546 మంది మీద జరిగిన పరీక్ష 2005లో వెలువడింది. సర్పి 51 శాతం, తర్వాతి నొప్పి 66 శాతం తగ్గాయి. 2006లో అమెరికా దానికి అనుమతి ఇచ్చింది. మేలే, కానీ రెండు లోపాలు. ఏళ్లు గడిచే కొద్దీ ఫలితం తగ్గిపోయింది. రెండోది ఇంకా పెద్దది. అందులో ఉన్నది బతికున్న వైరస్ కాబట్టి రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారికి వేయకూడదు. అవసరం ఎవరికి అందరికంటే ఎక్కువో వాళ్లకే అది అందలేదు.

ఆ చిక్కును విప్పింది రెండో టీకా, షింగ్రిక్స్. ఇందులో వైరస్ లేదు. వైరస్ పైపొరలో ఉండే ఒక్క ప్రోటీన్, గ్లైకోప్రోటీన్-ఇ మాత్రమే ఉంది. దాంతో సర్పి రాదు, రాలేదు. ఒక్క ప్రోటీన్‌కే శరీరం గట్టిగా స్పందించడానికి తోడు పదార్థాలు కలిపారు. వాటిలో ఒకటి చిలీ దేశంలో పెరిగే క్విల్లాయ అనే చెట్టు బెరడు నుంచి వస్తుంది. యాభై దాటిన 15,411 మంది మీద జరిగిన పరీక్ష 2015లో అచ్చయింది. ఉత్తుత్తి సూది వేసుకున్నవారిలో 210 మందికి సర్పి వస్తే, టీకా వేసుకున్నవారిలో ఆరుగురికే వచ్చింది. శాతంలో చెబితే 97. డెబ్బై దాటినవారిలో కూడా 90 శాతం దాకా నిలిచింది. వృద్ధాప్యంలో ఏ టీకా అయినా బలహీనంగా పనిచేస్తుందన్న నిరాశను ఆ అంకె తుడిచేసింది. పదకొండేళ్ల దాకా వెంటపడి చూసినా రక్షణ 80 శాతం దగ్గర ఉంది.

తమ మజ్జనే తిరిగి ఎక్కించుకున్న రోగుల్లో, అంటే శక్తి అట్టడుగుకు పడిపోయినవారిలో, ఈ టీకా సర్పిని 68 శాతం తగ్గించింది. 97 కంటే తక్కువే. కానీ అంతకుముందు వాళ్లకు వేయడానికి ఏ టీకా లేదని గుర్తుంచుకోండి. 2017లో యాభై దాటినవారికి అనుమతి ఇచ్చిన అమెరికా, 2021లో రోగనిరోధక శక్తి తగ్గిన పద్దెనిమిదేళ్లు దాటిన వారందరికీ దాన్ని విస్తరించింది. మన దేశంలోకి 2023లో యాభై దాటినవారి కోసం వచ్చింది.

ఇంకొక సంగతి ఈమధ్య పత్రికల్లో చదివి ఉంటారు. వేల్స్‌లో 2013 సెప్టెంబరులో పాత టీకాను మొదలుపెట్టినప్పుడు 1933 సెప్టెంబరు 2కు ముందు పుట్టినవారికి అర్హత లేదన్నారు. కొద్ది రోజుల తేడాతో పుట్టిన రెండు గుంపులను ఏడేళ్లు పోల్చి చూస్తే, టీకా వేయించుకున్నవారిలో మతిమరుపు జబ్బు అయిదో వంతు తక్కువగా కనిపించింది. 2025లో వచ్చిన ఈ ఫలితం ఆశ కలిగించేదే. అయినా మతిమరుపు కోసం ఈ టీకా వేయించుకోమని నేను చెప్పను. సర్పి కోసం వేయించుకోండి. ఆ కారణం ఒక్కటే చాలు.

6. మీరు అడిగే ప్రశ్నలు

"సూది నొప్పి ఎలా ఉంటుంది?" చెయ్యి నొప్పి పుడుతుంది. ఒళ్లు నొప్పులు, జ్వరం, నీరసం చాలామందికి వస్తాయి. ఆరుగురిలో ఒకరికి ఆ రోజు పని మానుకునేంతగా ఉంటుంది. రెండు మూడు రోజుల్లో పోతుంది. ఇది ముందే చెప్పాలి. చెప్పకపోతే మొదటి సూదికి జ్వరం వచ్చినవాళ్లు రెండో సూదికి రారు. రెండోది లేకుండా రక్షణ పూర్తి కాదు. మామూలుగా రెండింటి మధ్య రెండు నుంచి ఆరు నెలల ఎడం ఉండాలి. శక్తి తగ్గినవారికి ఒకటి రెండు నెలలకే వేయవచ్చు.

"పెద్ద ప్రమాదం ఏమైనా ఉందా?" కాళ్లూ చేతులూ చచ్చుబడే గులియన్-బారీ జబ్బు, అరవై అయిదు దాటినవారిలో పది లక్షల మోతాదులకు సుమారు మూడు అదనంగా కనిపించింది. అందుకే 2021లో అమెరికా ఆ హెచ్చరికను మందు కాగితంలో చేర్పించింది. దాన్ని దాచకూడదు. పక్కనే ఇంకో అంకె కూడా చెప్పాలి. సర్పి ముగ్గురిలో ఒకరికి వస్తుంది.

"మార్చిన మూత్రపిండాన్ని ఒళ్లు తోసిపుచ్చదా?" మార్పిడి చేయించుకున్నవారి మీదే జరిగిన పరీక్షలో టీకా వల్ల అలాంటిది పెరగలేదు. "నాకు సర్పి వచ్చిపోయింది, ఇంకా ఎందుకు?" మళ్లీ రావచ్చు కాబట్టి. ఇప్పుడు లేచి ఉన్న సర్పి పూర్తిగా తగ్గాక వేయించుకోవాలి. వచ్చిన సర్పికి టీకా మందు కాదు. "చిన్నప్పుడు ఆటలమ్మ వచ్చిందో లేదో గుర్తు లేదు." మన పెద్దవారిలో ఎక్కువ మందికి తెలియకుండానైనా ఆ వైరస్ సోకే ఉంటుంది. గుర్తు లేదని టీకా ఆపనక్కర్లేదు.

7. ఎప్పుడు, ఎవరికి ముందు

చెరువు గట్టుకు గండి పూడ్చేది ఎండాకాలంలో. వరద వచ్చాక మట్టి నిలవదు. టీకాకు ఆ ఎండాకాలం, శక్తిని తగ్గించే మందు మొదలుపెట్టడానికి ముందున్న వారాలు. టీకా అందాక దాన్ని గుర్తుపట్టి బలం కూడగట్టుకోవాల్సింది రోగి టి-కణాలే. వాటినే మందు అణచేశాక వేసిన టీకా సగం పనే చేస్తుంది.

కాబట్టి మూత్రపిండం కోసం డయాలసిస్ మీద ఎదురుచూస్తున్నవారికి ఆ ఎదురుచూపులోనే వేయాలి. కుదరకపోతే మార్పిడి తర్వాత పరిస్థితి కుదుటపడే దాకా, ఆరు నెలల నుంచి ఏడాది ఆగాలి. కీళ్లవాతానికి టోఫాసిటినిబ్ లాంటి మాత్ర రాయబోతున్న డాక్టరు, వీలుంటే ముందే టీకా వేయించాలి. రిటుక్సిమాబ్ అనే మందు తీసుకునేవారికి వచ్చే మోతాదుకు కనీసం నెల ముందు వేయించాలి. అయితే క్యాన్సర్ చికిత్సనో, ఉధృతంగా ఉన్న లూపస్ చికిత్సనో టీకా కోసం ఆలస్యం చేయకూడదు. ప్రాణం ముందు. ఎప్పుడు వేయాలన్నది చికిత్స చేసే డాక్టరే నిర్ణయించాలి. నా విన్నపమల్లా, ఆ ప్రశ్న ప్రతి రోగి విషయంలోనూ లేవాలని.

ఇక డబ్బు మాట. రెండు మోతాదులకూ కలిపి ఇరవై వేల రూపాయల చుట్టూ అవుతుంది. పింఛను మీద బతికే దంపతులకు అది నలభై వేలు. అమెరికాలో ఉన్న పిల్లలు "అమ్మా, వేయించుకో" అని డబ్బు పంపగలిగిన ఇళ్లు కొన్ని. పంపేవారు లేని ఇళ్లు ఎక్కువ. 1985 నుంచి నడుస్తున్న మన సార్వత్రిక టీకా కార్యక్రమం పిల్లలకు, గర్భిణులకు చేసిన మేలు సాటిలేనిది. పెద్దల టీకాకు అలాంటి ఏర్పాటు లేదు. 2011 జనగణన నాటికే దేశంలో అరవై దాటినవారు పది కోట్లకు పైగా ఉన్నారు. వాళ్లందరికీ రేపే ఈ టీకా ఇవ్వమని నేను అడగను. ఇప్పటి ధరలో అది జరిగే పని కాదు.

కానీ ఒక వరస పెట్టుకోవచ్చు. మొదట అవయవ మార్పిడి, మజ్జ మార్పిడి చేయించుకునేవారు, రక్త క్యాన్సర్ రోగులు, రక్షణ బాగా తగ్గిన హెచ్‌ఐవీ బాధితులు. వీళ్ల సంఖ్య పరిమితం, వీళ్ల ముప్పు అందరికంటే ఎక్కువ. వీరిలో చాలామంది చికిత్సకు ప్రభుత్వమే ఇప్పటికే డబ్బు పెడుతోంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఎందరికో మూత్రపిండ మార్పిడిని, క్యాన్సర్ చికిత్సను అందించింది. జీవన్‌దాన్ పథకం ద్వారా దాతల అవయవాలు అందుతున్నాయి. లక్షలు పెట్టి మార్చిన మూత్రపిండాన్ని మోసే మనిషికి, మార్పిడి లెక్కలోనే ఈ టీకా ఖర్చు కూడా చేర్చడం న్యాయం, పొదుపు కూడా. బ్రిటన్ 2013లో డెబ్బై ఏళ్లవారితో మొదలుపెట్టి, 2025 సెప్టెంబరు నాటికి శక్తి తీవ్రంగా తగ్గిన పద్దెనిమిదేళ్లు దాటినవారిదాకా వచ్చింది. మనం మొదటి అడుగు ఆ చివరి నుంచే వేయవచ్చు. రెండో అడుగు, డెబ్బై దాటిన పేద వృద్ధులు. ప్రభుత్వం ఒక్కసారిగా పెద్ద మొత్తంలో కొంటే ధర దిగుతుంది. పిల్లల టీకాల విషయంలో మన దేశం అది చేసి చూపింది. పెద్దల టీకాను చవగ్గా చేసే నైపుణ్యం కూడా మన హైదరాబాదు టీకా పరిశ్రమకు ఉంది.

ముగించే ముందు ముగ్గురికి మూడు మాటలు. యువ వైద్యులారా, స్టెరాయిడ్‌నో, కీమోథెరపీనో, కొత్త మాత్రనో రాసే కాగితం మీద ఒక వరుస అదనంగా రాయండి: "టీకాలు చూశామా?" పాలకులకు నా మనవి, చికిత్స ప్యాకేజీలో టీకాను చేర్చండి. దానికి కొత్త పథకం అక్కర్లేదు, ఉన్న పథకంలో ఒక పద్దు చాలు. అమ్మలారా, అయ్యలారా, మీ డాక్టరు అడగకపోతే మీరే అడగండి. యాభై దాటినా, రోగనిరోధక శక్తిని తగ్గించే మందు వాడుతున్నా, "నాకు సర్పి టీకా ఎప్పుడు?" అనండి. డబ్బు ఇప్పుడు కుదరకపోతే కనీసం ఒక్కటి గుర్తుంచుకోండి. ఒంటికి ఒక పక్కన మంటతో పొక్కులు లేచిన రోజే డాక్టరు దగ్గరికి రండి.

సుబ్బారావు గారు చేసిన పనివల్ల, ఆయన తర్వాతివారు చేసిన పనివల్ల, చనిపోవాల్సిన లక్షల మంది ఇవాళ మన మధ్య తిరుగుతున్నారు. వాళ్లను బతికించడంతో వైద్యం బాకీ తీరలేదు. బతికినన్నాళ్లూ వాళ్లను నొప్పి నుంచి కాపాడే సాధనం చేతికి వచ్చింది, దాన్ని అందించడం మన వంతు.